వెళ్ళడానికి గంటన్నర

మా బెల్మీరో బాబాయ్‌కి ఒకే ఒక్క పిచ్చి. లక్సెంబర్గ్ నుంచి పోర్టోకి విమానంలో వెళ్ళడానికి గంటన్నర పడుతుందనీ, అదే పోర్టో నుంచి లక్సెంబర్గ్‌కి తిరిగి రావడానికి మూడున్నర గంటలు పడుతుందనీ ఆయన నమ్మకం. అదేమీ మామూలు నమ్మకం కాదు. దాని కోసం ఎన్ని కాఫీలు చల్లార్చుకున్నాడో, ఎంతమందితో మాటలు మానేశాడో లెక్కలేదు.

"ఒకే దారి కదా బాబాయ్! పదిహేను వందల కిలోమీటర్లు. అటు పోయినా అంతే, ఇటు వచ్చినా అంతే" అంటాను నేను, కౌంటరు వెనక గ్లాసులు తుడుస్తూ.

"టిక్కెట్టు చదువమ్మా ఒటీలియా, చదువుకున్నదానివి కదా! ఇక్కడ తొమ్మిదింటికి లేస్తుంది. అక్కడ పదిన్నరకి దిగుతుంది. ఎంతయింది?"

"అక్కడి గడియారం మనకంటే గంట వెనక ఉంటుంది బాబాయ్!"

"నేనూ అదే అంటున్నా. వెనకబడింది వాళ్ళ గడియారం. నేను కాదు."

లక్సెంబర్గ్‌లోని ఎష్ ఊళ్ళో మా కఫే చిన్నది. ఊరంతా ఎర్రమట్టి, పైన బూడిదరంగు ఆకాశం. ఉక్కు కొలుములు ఎప్పుడో ఆరిపోయాయి, రాత్రిళ్ళు ఎర్రగా మెరిసే మబ్బులు కూడా వాటితోనే పోయాయి. సాయంత్రమయ్యేసరికి నేల మీద పలకలు పరిచేవాళ్ళు, ఆఫీసులు తుడిచేవాళ్ళు, క్రేన్లు నడిపేవాళ్ళు, అందరూ పోర్చుగల్ నుంచి వచ్చిన మావాళ్ళే, ఒక్కొక్కరుగా వచ్చి కూర్చుంటారు. కిటికీలోంచి ఆకాశం మీద తెల్లటి గీత కనిపిస్తే చాలు, ఎవరి మాట వాళ్ళు మధ్యలో ఆపేస్తారు. గీత నైరుతి వైపు సాగుతుంటే "అదిగో, మనదే" అంటారు. ఈశాన్యం వైపు వస్తుంటే "పాపం" అంటారు. ఆ విమానం నిజంగా ఎక్కడికి పోతోందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ లేదు.

అలా తల ఎత్తి చూసేవాళ్ళ మధ్య బెల్మీరో బాబాయ్ లేచి నిలబడి, గోడకున్న మ్యాపు మీద వేలు పెట్టేవాడు.

"చూడండి. లక్సెంబర్గ్ పైన ఉంది. పోర్టో కింద ఉంది. పోయేటప్పుడు పల్లం, వచ్చేటప్పుడు ఎగువ. సైకిలు తొక్కిన ప్రతివాడికీ తెలుసు."

"మ్యాపు గోడకి వేలాడదీశాం కాబట్టి పైనుంది. నేల మీద పరిస్తే?" అనేవాడు వాల్దెమార్ మాస్టారు. శనివారాలు మా పిల్లలకి లెక్కలు చెప్తాడాయన. బాబాయ్ వాదన వింటే పాపం ఆయనకి నిజంగానే కడుపులో నొప్పి వచ్చేది.

"సరే, పల్లం వదిలెయ్యండి మాస్టారూ. బరువు చూడండి. పోయేటప్పుడు మన పెట్టెలో ఏముంటుంది? రెండు చొక్కాలు, నాలుగు చాక్లెట్లు. వచ్చేటప్పుడు? ఎండబెట్టిన బకల్యావ్ చేప, నూనె డబ్బా, వదిన మూటగట్టిన బాదంపప్పు, పక్కింటావిడ కన్నీళ్ళు. అంత బరువు మోసుకుని ఏ యంత్రమైనా గంటన్నరలో వస్తుందా?"

ఒకరోజు మాస్టారు పంతం పట్టి కౌంటరు మీద నారింజపండు పెట్టాడు. అది భూమి. దీపం సూర్యుడు. పళ్ళపుల్ల ఒకటి గుచ్చి ఇది పోర్టో అన్నాడు, ఇంకోటి గుచ్చి ఇది మనం అన్నాడు. పండుని మెల్లగా తిప్పుతూ పొద్దు మనకి ముందెందుకు వస్తుందో, వాళ్ళకి గంట తర్వాత ఎందుకు వస్తుందో చెమటలు కక్కుతూ చెప్పాడు. కఫే అంతా నోళ్ళు తెరుచుకుని విన్నది. మాస్టారు ముఖం తుడుచుకోవడానికి రుమాలు తీసి, మళ్ళీ చూసేసరికి బాబాయ్ భూమిని ఒలిచి సగం తినేశాడు.

"తియ్యగా ఉంది మాస్టారూ. కానీ విమానం ఎక్కడా కనబడలేదు."

ఇంకోసారి పాదిరీ గారు ప్రసంగంలో, "నా బిడ్డలారా, పరలోకానికి దారి చాలా దూరం" అన్నారో లేదో, వెనక బెంచీ నుంచి బాబాయ్ గొంతు:

"వెళ్ళడానికా ఫాదర్, తిరిగి రావడానికా?"

ఆ ఆదివారం పూజ మధ్యలో ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. చూసుకుంటే నవ్వొచ్చేస్తుంది.

ఒక ఆగస్టులో ఆయనా నేనూ ఒకే విమానంలో పడ్డాం. ఆగస్టులో ఎష్ సగం ఖాళీ అయిపోతుంది, మా కఫే కూడా మూసేస్తాం. విమానం లేచిన కాసేపటికి పైలట్ మైకులో, ప్రయాణం రెండున్నర గంటలని చెప్పాడు. నేను విజయగర్వంతో బాబాయ్ వైపు తిరిగాను.

"విన్నావా?"

"విన్నాను. ఆయనకి జీతం గంటల లెక్కన ఇస్తారు తల్లీ. పెంచి చెప్పక ఏం చేస్తాడు?"

దిగాక మావాళ్ళంతా అలవాటుగా చప్పట్లు కొట్టారు. బాబాయ్ నన్ను చెయ్యి పట్టుకుని విమానాశ్రయం గడియారం కిందికి లాక్కెళ్ళి నిలబెట్టాడు. పదిన్నర. టోపీ తీసి గడియారానికి ఒక దండం పెట్టాడు, అంతే.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆయన వాదించలేదు. కిటికీలో సముద్రం ఒక నీలం గుడ్డలా చాలాసేపు కనిపించింది. ఎవరో దాన్ని మెల్లగా మడతపెడుతున్నట్టు అంచులు లోపలికి పోయాయి. తర్వాత మబ్బులు. మబ్బుల తర్వాత మబ్బులు. నా ఒళ్ళో మా అత్తయ్య ఇచ్చిన రొట్టె ఇంకా వెచ్చగా ఉంది. అది చల్లబడుతున్నకొద్దీ నేను దాన్ని ఇంకా దగ్గరికి పట్టుకున్నాను. "ఎంతకీ రాదేం ఊరు?" అన్నాను చివరికి.

"మూడున్నర గంటలమ్మా" అన్నాడు బాబాయ్ మెల్లగా.

ఆ ఒక్కసారి నేనూ కాదనలేదు.

ఇక్కడ డియోలిండా పిన్ని గురించి చెప్పాలి. నా పిలుపులో పిన్నీ బాబాయే గానీ, వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు కారు. బాబాయ్ పిచ్చి మా కఫేకి నవ్వు తెచ్చిపెడితే, పిన్ని మా కఫేకి చలి తెచ్చిపెట్టింది. బ్యాంకు ఆఫీసులు తుడిచే పని ఆవిడది. పదేళ్ళ కిందట ఒక శనివారం, భవనంలో ఎవరూ లేనప్పుడు, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. ఎవరో వచ్చి తీసేదాకా ఆ చీకటి పెట్టెలో ఒక్కతే ఉండిపోయింది. ఆ సాయంత్రం నేరుగా మా కఫేకి వచ్చి, గుమ్మం మెట్టు మీద కూర్చుని, "గంటన్నర దాకా బాగానే ఉన్నాను. ఆ తర్వాత గోడలు నా మీదికి నడిచొచ్చాయి" అని మాత్రం చెప్పింది.

అప్పట్నుంచీ ఆవిడ ఎక్కడ కూర్చున్నా తలుపు తెరిచి ఉండాలి. జనవరి మంచులో కూడా! మా కఫేలో జనం కోట్లు వేసుకుని, టోపీలు పెట్టుకుని, చేతి తొడుగులతో సూపు తాగేవాళ్ళు. తలుపు దగ్గరి బల్ల ఆవిడది. గాలి సూటిగా వచ్చి కొట్టే ఆ బల్ల దగ్గర రెండో కుర్చీలో కూర్చునే ధైర్యం ఒక్క బెల్మీరో బాబాయ్‌కే ఉండేది.

"జలుబు చేస్తుంది బెల్మీరో గారూ, లోపల కూర్చోండి."

"లోపల మాస్టారు నారింజపళ్ళు తిప్పుతున్నాడండీ డియోలిండా గారూ. జలుబే నయం."

పిన్ని లేసు అల్లుకుంటూ ఆయన వాదనలన్నీ వినేది. ఒక్కసారి కూడా అవుననలేదు, కాదనలేదు. సూది తప్పకుండా పెదవి చివర నవ్వుకునేది. ఊరికి మాత్రం బస్సులో పోయేది. ఒక పగలూ ఒక రాత్రీ దాటి ఇంకా కూర్చోవాలి ఆ బస్సులో. కానీ డ్రైవరుకి ఆవిడ సంగతి తెలుసు. కిటికీ మీద ఎక్కడ తడితే అక్కడ ఆపేవాడు. ఫ్రాన్సులో పొద్దుతిరుగుడు చేలన్నీ ఆవిడ దిగి నిలబడి చూసినవే.

పోయిన ఏడాది ఏప్రిల్లో ఒక గురువారం పిన్ని కఫేలోకి వచ్చి, తలుపు తెరిచి ఉందో లేదో కూడా చూసుకోకుండా కుర్చీలో కూలబడింది.

"మా జుల్మీరా పెళ్ళి చేసుకుంటోంది."

జుల్మీరా ఆవిడ చెల్లెలు. భర్త పోయి చాలా కాలమైంది. పోర్టో పక్కన చేపల రేవులో బేకరీ నడుపుతుంది. వయసు యాభై ఎనిమిది.

"ఎప్పుడు పిన్నీ?"

"ఎల్లుండి, శనివారం, మధ్యాహ్నం."

"ఎల్లుండా! పిజ్జా ఆర్డరిచ్చినట్టు ఏమిటా తొందర?"

"పెళ్ళికొడుకు ఓడలో వంటవాడు. సోమవారం ఓడెక్కితే మళ్ళీ శీతాకాలానికి గానీ రాడట. రిజిస్ట్రారు దగ్గర ఎవరో జంట ఆఖరి నిమిషంలో పోట్లాడుకుని పెళ్ళి మానుకున్నారట. ఆ ఖాళీ వీళ్ళకిచ్చారు."

కఫేలో నవ్వులు, గ్లాసుల చప్పుడు. పిన్ని నవ్వలేదు.

"దాని మొదటి పెళ్ళికి నేను వెళ్ళలేదు. అప్పుడే ఇక్కడికి కొత్తగా వచ్చాను, సెలవివ్వలేదు. ఫొటోలో దాని పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంటుంది. అది ఎవర్నీ అక్కడ నిలబడనివ్వలేదు. ఇప్పుడు ఫోన్లో ఏమంటోందో తెలుసా? అక్కా, నువ్వు పక్కన లేకపోతే ఈసారి సంతకమే పెట్టను, ఆయన ఓడెక్కి పోతే పోనీ అంటోంది."

నేను మనసులో లెక్కవేశాను. బస్సు శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరుతుంది. శనివారం సాయంత్రానికి గానీ చేరదు. అప్పటికి పెళ్ళికొడుకు ఓడ కోసం మూటలు సర్దుకుంటూ ఉంటాడు. ఇక మిగిలింది శనివారం పొద్దున్న తొమ్మిది గంటల విమానం.

అందరికీ అదే తట్టింది. టీవీలో ఎవరో గోలు కొట్టినా ఎవరూ అటు తిరగలేదు.

పిన్ని తలెత్తి సూటిగా బాబాయ్‌ని చూసింది.

"బెల్మీరో గారూ. వేళాకోళం కాదు. నిజం చెప్పండి. ఎంతసేపు?"

బాబాయ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా బల్లలు గుద్ది మరీ చెప్పినవాడు, ఇప్పుడు బల్ల ముట్టుకోలేదు.

"గంటన్నర అండీ" అన్నాడు.

పిన్ని మెల్లగా వాల్దెమార్ మాస్టారి వైపు తిరిగింది. "మాస్టారూ, మీరు చెప్పండి. మీరు లెక్కల మనిషి."

మాస్టారు ముఖంలో రంగులు మారాయి. నలభై ఏళ్ళ అంకగణితం ఆయన గొంతులో అడ్డంపడటం నేను కళ్ళారా చూశాను. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.

"గంటన్నరేనమ్మా" అన్నాడు. "నేను పోయినసారి చూసుకున్నాను. కచ్చితంగా గంటన్నర." తర్వాత నా వైపు తిరిగి, "ఒటీలియా, ఒక గ్లాసు బ్రాందీ పొయ్యి. పెద్ద గ్లాసు" అన్నాడు.

కఫే అంతా అందుకుంది. క్రేను నడిపే ఇద్దరన్నదమ్ములూ గంటన్నర అన్నారు. "మొన్న గాలి వాటం కుదిరి గంటా పావులోనే దిగాం" అని ఒకడు అత్యుత్సాహంతో అంటే, పక్కవాడు బల్ల కింద కాలు తొక్కాడు.

"అయితే ఎక్కుతాను" అంది పిన్ని. "నువ్వు కూడా రా ఒటీలియా. మీరూ రండి బెల్మీరో గారూ. లెక్క తప్పితే ఎవరినో ఒకరిని తిట్టుకోవాలి కదా."

ఆవిడ టిక్కెట్టు కోసం వెళ్ళిపోయాక బాబాయ్ తలుపు దగ్గరి బల్ల తుడవడం మొదలుపెట్టాడు. అది నా పని. శుభ్రంగా ఉన్న బల్లనే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. అప్పుడు నాకు ఒక్కసారిగా తట్టింది.

"బాబాయ్. లిఫ్టు సంగతి జరగక ముందు నువ్వు కూడా రెండున్నర గంటలనే అనేవాడివి."

గుడ్డ ఆగింది.

"పిన్ని గంటన్నర దాకా ఓర్చుకోగలనంది. ఆ వారంలోనే మొదలైంది నీ గంటన్నర."

"గట్టిగా అనకే. ఏదో ఒకరోజు ఆవిడకి విమానం ఎక్కాల్సిన అవసరం పడుతుంది అనుకున్నాను. అప్పుడు హఠాత్తుగా గంటన్నర అంటే ఎవరు నమ్ముతారు? ముందు నుంచీ చెప్తూ ఉండాలి. ఇష్టం వచ్చినట్టు నవ్వనీ అనుకున్నా. ఆవిడకి మాత్రం చెప్పకు."

"మరి రావడానికి మూడున్నర ఎందుకు?"

బాబాయ్ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "నేను పలకలు పరిచేవాణ్ణమ్మా. ఈ గోడ దగ్గర ఒక ముక్క కోస్తే ఆ గోడ దగ్గర అతకాలి. పోయేటప్పుడు ఒక గంట కోశాను. దాన్ని ఎక్కడో పెట్టాలి కదా, పారెయ్యలేను. రావడంలో పెట్టాను. అయినా వచ్చేటప్పుడు మూడున్నర అంటే మనవాళ్ళలో మనసొప్పి కాదన్నవాడు ఎవడున్నాడు?"

శనివారం విమానాశ్రయంలో పిన్ని నీలం దుస్తుల్లో, ఒళ్ళో చెల్లెలికి కానుకగా తెచ్చిన లేసు పెట్టుకుని, కొయ్యబొమ్మలా కూర్చుంది. బాబాయ్ కాఫీ తేవడానికి పోగానే నా మోచెయ్యి పట్టుకుంది.

"ఒక మాట. ఆయనకి చెప్పకూడదు."

"చెప్పను."

"జుల్మీరాకి నేను రోజూ రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేస్తాను. ఇక్కడ తొమ్మిదైతే అక్కడ ఎనిమిది. ఇన్నేళ్ళుగా. ఆ గంట సంగతి నాకు తెలియదనుకున్నావా?"

"మరి ఎలా ఎక్కుతావు పిన్నీ?"

"రెండున్నర గంటలు గోడల మధ్య కూర్చోవడం నావల్ల కాదు. కానీ నా కోసం తొమ్మిదేళ్ళు ఊరందరిచేతా వెర్రివాడనిపించుకున్న మనిషి పక్కన కూర్చోవడం అవుతుందేమో చూద్దాం." ఆవిడ లేసు అంచు సర్దుకుంది. "లిఫ్టు సంగతి చెప్పిన వారానికే మొదలెట్టాడు. తామేం చేస్తున్నారో మనకి తెలియదనుకుంటారు ఈ మగవాళ్ళు."

ఆయన చెప్పొద్దన్నది ఒకటి, ఆవిడ చెప్పొద్దన్నది ఒకటి. రెండు రహస్యాలూ కడుపులో పెట్టుకుని విమానం ఎక్కిన నా అవస్థ మాత్రం ఎవరికీ పట్టలేదు.

నేను కిటికీ పక్కన, బాబాయ్ మధ్యలో, పిన్ని నడవ పక్కన. తలుపు మూసిన చప్పుడుకి ఆవిడ ముఖం తెల్లబడిపోయింది. చక్రాలు నేల వదలగానే బాబాయ్ మొదలుపెట్టాడు.

"అయిపోయిందండీ, కష్టమంతా అయిపోయింది. ఇక జారడమే."

"ఇప్పుడేగా లేచింది?"

"లేవడమే కష్టం. తర్వాతంతా పల్లం."

అంతలో మైకు గరగరలాడింది. పైలట్ "ఈరోజు మన ప్రయాణ సమయం" అన్నాడో లేదో, బాబాయ్‌కి దగ్గు. దగ్గంటే అలాంటి ఇలాంటి దగ్గు కాదు, క్షయరోగుల ఆసుపత్రి మొత్తం ఒక గొంతులోంచి దగ్గినట్టు. పోర్చుగీసులో చెప్పినంతసేపూ దగ్గాడు. అదే మాట ఇంగ్లీషులో మొదలుపెట్టగానే మళ్ళీ అందుకున్నాడు. ఫ్రెంచిలో కూడా చెప్పేసరికి పాపం నిజంగానే పొలమారింది. ఎయిర్‌హోస్టెస్ నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"జలుబా బెల్మీరో గారూ?" అంది పిన్ని. "నేను చెప్పలేదూ, ఆ తలుపు దగ్గర కూర్చోవద్దని."

ఒక గంట బాగానే గడిచింది. తర్వాత ఆవిడ మాట్లాడటం మానేసింది. నుదుటి మీద చెమట. కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్ళు రక్తం లేనట్టు పాలిపోయాయి. బాబాయ్ చెయ్యి చాపాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు, మళ్ళీ చాపాడు.

"బెల్మీరో గారూ. గోడలు నడుస్తున్నాయి."

అంతవరకూ ఆయన తయారుచేసుకున్న సమాధానాలన్నీ అయిపోయినట్టున్నాయి. బయట తెల్లటి మబ్బు, లోపల ఇంజను హోరు. తర్వాత, ఇంతకుముందెప్పుడూ నేను వినని గొంతుతో అన్నాడు:

"నడవనివ్వండి డియోలిండా గారూ. అవి కూడా మన ఊరికే నడుస్తున్నాయి."

ఆవిడ కళ్ళు తెరిచింది. కుర్చీ చేతిని వదిలి, ఆయన చేతిని పట్టుకుంది. గట్టిగా. ఏళ్ళ తరబడి సిమెంటు మెత్తి బండబారిన ఆ చేతికి కూడా నొప్పి పుట్టి ఉండాలి. ఆయన ముఖంలో మాత్రం నొప్పి లేదు. కిటికీలో మబ్బు చిరిగి, కింద సముద్రం కనిపించింది. నేను చూపిద్దామని తిరిగి, చూపించకుండా మానేశాను. వాళ్ళకి అప్పుడు సముద్రం అవసరం లేదనిపించింది.

చక్రాలు నేలకి తగిలాయి. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. తలుపులు తెరుచుకున్నాయి. ఉప్పుగాలి లోపలికి వచ్చి మా ముఖాలు తడిమింది. పెట్టెలు దించుకున్నారు, తోసుకున్నారు, పిల్లల్ని పిలుచుకున్నారు, దిగిపోయారు. విమానం ఖాళీ అయిపోయింది. మేం ముగ్గురం మిగిలాం. నేను లేద్దామంటే దారికి అడ్డంగా ఆ ఇద్దరూ, కదలకుండా, చెయ్యీ చెయ్యీ పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"అమ్మా, దిగొచ్చండీ. తలుపులు తెరిచాం" అంది ఎయిర్‌హోస్టెస్.

"తెలుసమ్మా" అంది పిన్ని.

అయినా లేవలేదు. ఇంతలో ఆవిడ సంచిలో ఫోన్ మోగింది. ఖాళీ విమానంలో జుల్మీరా గొంతు మా ముగ్గురికీ వినబడింది.

"అక్కా! ఎక్కడున్నావే? ఇక్కడ అందరూ నీకోసమే చూస్తున్నారు. దిగావా?"

పిన్ని బార్లా తెరిచిన తలుపు వైపు ఒకసారి చూసింది. పక్కనున్న మనిషిని ఒకసారి చూసింది.

"ఇంకా లేదే" అంది. "ఇంకొంచెం సేపు పట్టేలా ఉంది."